సగం దారిలో దింపేయొద్దు

కీమోకు లొంగని రక్త క్యాన్సర్ రోగికి కార్-టి కణాలు ఎక్కించి, నెల తిరిగేసరికి 'మూలుగలో క్యాన్సర్ కణం కనబడలేదు' అన్న రిపోర్టు చేతిలో పెట్టి ఇంటికి పంపేస్తే వైద్యం ముగిసినట్టు కాదు. ఆ తర్వాత మూలుగ మార్పిడి చేయాలా వద్దా? చేయాలంటే దాత ఎవరు? ఎన్ని వారాల్లోగా చేయాలి? డబ్బు ఎవరు కడతారు? రోగి ఒంట్లోంచి కణాలు తీసే రోజుకే ఈ ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు ఉండాలి. జవాబు లేకుండా కణాలు తీయడం తప్పు. అలా తీసే ఆసుపత్రిదీ తప్పే, అడగని ప్రభుత్వానిదీ తప్పే. కణచికిత్స, మూలుగ మార్పిడి వేర్వేరు అంగళ్లలో అమ్ముకునే రెండు సరుకులు కావు. ఒకే జబ్బుకు ఒకే వైద్యంలోని రెండు అంచెలు. వాటిని ఒకే పథకం కిందకు, ఒకే బాధ్యత కిందకు తేవాల్సిందే.

కార్-టి వైద్యం గొప్పతనాన్ని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. రోగి రక్తంలోని టి-కణాలను యంత్రంతో వడగట్టి తీస్తారు. ప్రయోగశాలలో వైరస్ వాహకం సాయంతో వాటికి కొత్త జన్యువు ఎక్కిస్తారు. క్యాన్సర్ బారిన పడే బి-కణాల ఒంటి మీద ఉండే సీడీ19 అనే గుర్తును ఆ జన్యువు వల్ల అవి ఆనవాలు పడతాయి. వాటిని కోట్లలో పెంచి తిరిగి రోగికే ఎక్కిస్తారు. 2012లో ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రిలో ఎమిలీ వైట్‌హెడ్ అనే పాపకు ఇలాగే ఎక్కించారు. అప్పటికే ఆమెకు ల్యుకేమియా రెండుసార్లు తిరగబెట్టింది. ఎక్కించిన కణాలు విజృంభించి ఐసీయూలో ప్రాణం మీదికి వస్తే, కీళ్లవాతానికి వాడే టోసిలిజుమాబ్ మందు ఆదుకుంది. ఆ పాప ఇప్పుడు యువతి. మూలుగ మార్పిడి లేకుండానే బాగుపడింది. ఆమె కథ ప్రపంచమంతా తిరిగింది, తిరగాల్సిందే. కానీ ఒక్క ఎమిలీని చూపించి ప్రతి తల్లికీ అదే భరోసా ఇవ్వడం న్యాయం కాదు.

ఎందుకో లెక్కలు చెబుతాయి. 2017లో అమెరికా అనుమతి పొందిన మొదటి కార్-టి మందు మీద జరిగిన పరీక్షలో 75 మంది పిల్లలు, యువకులకు కణాలు ఎక్కించారు. మూడు నెలల్లోపే 81 శాతం మందిలో జబ్బు అణిగింది. అంతకుముందు ఏ మందుకూ రాని ఫలితం అది. అయితే ఏడాది తిరిగేసరికి ఏ ఎదురుదెబ్బా లేకుండా నిలిచింది సుమారు సగమే. పెద్దవాళ్ల సంగతి ఇంకా కష్టం. న్యూయార్క్‌లోని స్లోన్ కెటరింగ్ కేంద్రంలో 53 మంది పెద్దవాళ్లకు ఆ కేంద్రం రూపొందించిన కార్-టి ఇస్తే 83 శాతం మందిలో జబ్బు పూర్తిగా అణిగింది. అయినా సగం మంది 13 నెలలు దాటి బతకలేదు.

జబ్బు తిరగబెట్టడానికి ముఖ్యంగా రెండు దారులు. ఎక్కించిన కణాలు కొన్నాళ్లకు కరిగిపోతే కాపలా లేని ఇల్లయి, మిగిలిన ఒకటీ అరా క్యాన్సర్ కణాలు మళ్లీ పుట్ట పెడతాయి. లేదంటే క్యాన్సర్ కణమే తెలివిమీరి సీడీ19 గుర్తును ఒంటి మీంచి దులిపేసుకుంటుంది. గుర్తు లేని శత్రువును కార్-టి కణం పట్టుకోలేదు. దాత మూలుగ ఈ రెండు దారులకూ అడ్డు నిలబడగలదు. అది పట్టుకునేది ఒక్క గుర్తును కాదు, పరాయి కణాన్ని పరాయి కణంగానే పసిగడుతుంది. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ పిల్లలు, యువకుల మీద సాగించిన దీర్ఘకాల పరిశీలన 2021లో వెలువడింది. అందులో కార్-టితో జబ్బు అణిగిన వెంటనే మూలుగ మార్పిడి చేయించుకున్నవారు 21 మంది. రెండేళ్లలో వారిలో జబ్బు తిరగబెట్టింది పది శాతంలోపే.

ఇది విని 'అయితే అందరికీ మార్పిడి చేసేయండి' అనడం కూడా పొరపాటే. స్లోన్ కెటరింగ్ పరీక్షలో మార్పిడి చేయించుకున్నవారికి, చేయించుకోనివారికి ఆయుష్షులో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కార్-టి కణాల తయారీలోనే తేడాలున్నాయి. కొన్ని రకాలు కొద్ది నెలల్లో కనుమరుగవుతాయి, కొన్ని ఏళ్ల తరబడి ఒంట్లో కాపలా కాస్తాయి. మార్పిడికి తన ప్రమాదాలు తనకున్నాయి. దాత కణాలు రోగి చర్మం మీద, పేగు మీద, కాలేయం మీద తిరగబడతాయి. దాన్నే వైద్యులు జీవీహెచ్‌డీ అంటారు. ఇన్ఫెక్షన్లు ప్రాణాలు తీస్తాయి. అన్నిటికంటే మనసును కలచే సంగతి మరొకటుంది. మార్పిడికి ముందు పాత మూలుగను తుడిచేయడానికి ఇచ్చే భారీ కీమో, రోగి ఒంట్లో ఇంకా బతికున్న కార్-టి కణాలను కూడా తుడిచేస్తుంది. ఇల్లు అమ్మి తెచ్చిన కణాలను మన చేత్తో మనమే చంపుకోవాలి.

కాబట్టి ఎవరికి మార్పిడి, ఎవరికి ఆగి చూడటం అన్న నిర్ణయం నిపుణుడిదే. ఆ నిర్ణయానికి కావలసిన ఏర్పాటు మాత్రం ప్రభుత్వానిదీ ఆసుపత్రిదీ. ఆగి చూడటం అంటే ఊరికే కూర్చోవడం కాదు. నెలనెలా రక్తంలో బి-కణాల లెక్క తీయాలి. కార్-టి కణాలు పనిలో ఉన్నంతకాలం మంచి బి-కణాలు కూడా లేవవు. అవి తొందరగా తిరిగొచ్చాయంటే కాపలా పోయినట్టు గుర్తు. అప్పుడు చేతిలో ఉండేది వారాలే. ఇచ్ఛాపురం నుంచో ఆసిఫాబాద్ నుంచో నగరానికి వచ్చి కణాలు ఎక్కించుకున్న కుటుంబానికి ఆ నెలవారీ పరీక్ష ఎక్కడ చేస్తారు? బి-కణాలు లేనన్నాళ్లూ ఇన్ఫెక్షన్లను తట్టుకోవడానికి చాలామందికి ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించాలి. ఆ సీసాల ఖర్చు ఏ ప్యాకేజీలో ఉంది? మార్పిడి వద్దనుకుని ఆగిన రోగిని కనిపెట్టుకుని ఉండే ఏర్పాటు లేకపోతే, అది నిర్ణయం అనిపించుకోదు. వదిలేయడం అనిపించుకుంటుంది.

కణాలు ఎక్కించే రోజు వార్డులో నిలబడి చూసినవారికి ఆ పని ఎంత సాదాగా జరిగిపోతుందో తెలుసు. ద్రవ నైట్రోజన్ చలిలో గడ్డకట్టించి తెచ్చిన చిన్న సంచీ. గోరువెచ్చని నీళ్లలో కరిగిస్తారు. కాసేపట్లో నరంలోకి దిగిపోతుంది. కణాలు చెడకుండా కలిపిన ద్రావకం వల్ల రోగి ఊపిరిలో వెల్లుల్లి లాంటి వాసన వస్తుంది, మంచం పక్కన కూర్చున్న తల్లి ముక్కుకూ తగులుతుంది. అసలు పని తర్వాత మొదలవుతుంది. పూటపూటకూ నర్సు కాగితం, పెన్నుతో వస్తుంది. పెన్ను చూపించి ఇదేమిటని అడుగుతుంది. వంద నుంచి పదేసి తగ్గిస్తూ లెక్కపెట్టమంటుంది. ఒక వాక్యం రాయమంటుంది. 'మా అమ్మ వచ్చింది' అని నిన్న గుండ్రంగా రాసిన చెయ్యి ఇవాళ గీత దాటిపోతే, గుడులు ఊడిపోయి, వత్తులు అక్షరం కిందనుంచి జారిపోతే, మెదడు మీద వాపు ప్రభావం మొదలైందని అర్థం. స్కానింగు కంటే ముందు చేతిరాత ఆ సంగతి చెబుతుంది. ఇంత నిశితంగా రోగిని చూసుకునే వైద్యం, ఎక్కించిన ముప్పయ్యో రోజున రిపోర్టు చేతికిచ్చి చూపు తిప్పుకోవడాన్ని మేం అంగీకరించలేం.

కొన్ని జబ్బుల్లో మార్పిడి చేయాలా వద్దా అన్న చర్చకే తావు లేదు. టి-కణాల ల్యుకేమియా అలాంటిది. అక్కడ శత్రువూ టి-కణమే, సైనికుడూ టి-కణమే. ఇద్దరి ఒంటి మీదా సీడీ7 గుర్తు ఉంటుంది. సీడీ7ను వేటాడే కణాలు తయారుచేస్తే అవి ఒకదాన్నొకటి తినేస్తాయి. లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రి వైద్యులు జన్యువులో ఒక్కొక్క అక్షరాన్ని దిద్దే బేస్ ఎడిటింగ్ పద్ధతితో ఆ చిక్కు విప్పారు. ఆరోగ్యవంతుడైన దాత కణాలను తీసుకుని, వాటి ఒంటి మీద గుర్తులు చెరిపి, వేటకు పంపారు. 2022 మేలో లీస్టర్‌కు చెందిన 13 ఏళ్ల అలిస్సాకు అవి ఎక్కించారు. అంతకుముందు కీమో, ఒక మూలుగ మార్పిడి ఆమెకు పని చేయలేదు. నెల తిరిగేసరికి జబ్బు అణిగింది. కానీ ఆ కణాలు క్యాన్సర్‌తో పాటు మంచి టి-కణాలన్నిటినీ ఊడ్చేస్తాయి. రోగనిరోధకత లేని పిల్లను అలాగే ఉంచలేరు. వెంటనే రెండో మూలుగ మార్పిడి చేశారు. అక్కడ కార్-టి గమ్యం కాదు, మార్పిడి దాకా చేర్చే వంతెన. ఆ సంగతి వైద్యులు మొదటి రోజు నుంచే చెబుతూ వచ్చారు.

ఈ రెండు అంచెలనూ దాదాపు ఒకే వైద్యంగా కుట్టేసిన ప్రయత్నం చైనాలోని హాంగ్‌జౌలో జరిగింది. జెజియాంగ్ విశ్వవిద్యాలయ అనుబంధ ఆసుపత్రి వైద్యులు 2024 ఏప్రిల్‌లో దాని ఫలితాలు ప్రకటించారు. ఈ సంపాదకీయం రాయడానికి ముఖ్య కారణం ఆ ప్రయత్నమే, కాబట్టి దాని దగ్గర కాస్త ఆగాలి.

వాళ్లు ఎంచుకున్నది మామూలు మార్పిడిని తట్టుకోలేరని తేలిన పదిమందిని. సీడీ7 గుర్తున్న రక్త క్యాన్సర్ తిరగబెట్టినవారు, లేదా ఏ మందుకూ లొంగనివారు. దాత నుంచి తీసిన కణాలతో సీడీ7 కార్-టి చేసి ఎక్కించారు. పదిమందిలోనూ జబ్బు అణిగింది. అయితే రక్తకణాల కౌంట్లన్నీ పడిపోయి లేవలేదు. మామూలుగా ఇది ఘోరమైన దుష్ఫలితం. హాంగ్‌జౌ వైద్యులు దాన్నే వాకిలిగా మలుచుకున్నారు. మూలుగ ఖాళీగా ఉంది, రోగి టి-కణాలు లేవు, అంటే వచ్చిన అతిథిని తరిమేవాడు లేడు. అందుకని పాత మూలుగను తుడిచే కీమో ఇవ్వలేదు. సగం జత కలిసిన దాత మూలకణాలు నేరుగా ఎక్కించారు. జీవీహెచ్‌డీ రాకుండా ముందుజాగ్రత్తగా ఇచ్చే మందులు కూడా ఆపేశారు. ఎందుకంటే ఒంట్లో ఇంకా తిరుగుతున్న కార్-టి కణాలే, మూలకణాలతో పాటు వచ్చిన దాత టి-కణాలను అదుపు చేస్తాయి. ఒక్క దెబ్బకు కీమో తప్పింది, మందులు తప్పాయి, కార్-టి కాపలా మిగిలింది. ఇంతకుముందు చెప్పిన చిక్కుముడి, మన చేత్తో మన కణాలను చంపుకునే చిక్కు, అక్కడ విడిపోయింది.

ఆలోచనలో అందం ఉంది. ఫలితంలో ఆశ ఉంది. ఆశ ఎంతో కూడా చెప్పుకోవాలి. పదిమందిలో ఎనిమిదిమందికి దాత మూలుగ పూర్తిగా నాటుకుంది. ఒకరికి పాత మూలుగే మళ్లీ లేచింది. ఒకరు మార్పిడి జరిగిన 13వ రోజున ఇన్ఫెక్షన్ రక్తమంతా పాకి, మెదడువాపుతో చనిపోయారు. ఇంకొకరు మూడున్నర నెలలు దాటాక అలాంటి ఇన్ఫెక్షన్‌తోనే పోయారు. ఇద్దరికి సీడీ7 గుర్తు వదిలేసిన రూపంలో జబ్బు తిరగబెట్టింది. సుమారు పదిహేను నెలలు గమనించేసరికి ఆరుగురు జబ్బు జాడ లేకుండా ఉన్నారు. జీవీహెచ్‌డీ ముగ్గురికే వచ్చింది, అదీ మధ్యస్థాయిది. ఏడాదికి బతికి ఉండే అవకాశాన్ని 68 శాతంగా అంచనా కట్టారు. పదిమంది మీద కట్టిన లెక్క కాబట్టి అసలు సంఖ్య 43 కావచ్చు, అంతకంటే ఎంతో ఎక్కువా కావచ్చు. ఆ పరిశోధకులు ఈ హద్దును దాచలేదు. వారి నిజాయతీకి నమస్కారం.

దీని మీద మా తీర్పు సూటిగా చెబుతున్నాం. కణచికిత్సను, మార్పిడిని ఇలా కలపడమే రేపటి దారి. ఆ దారిలో భారతీయ పరిశోధకులు కూడా నడవాలి, ప్రభుత్వం డబ్బు పెట్టాలి. కానీ పదిమంది మీద నిలబడిన పద్ధతిని ఏ కార్పొరేట్ ఆసుపత్రీ రేటు కట్టి అమ్మరాదు. నమోదైన క్లినికల్ ట్రయల్‌లో, నైతిక కమిటీ కళ్ల ముందు, రోగి నుంచి పైసా తీసుకోకుండా మాత్రమే జరగాలి. మూలకణాల పేరు చెప్పి మధుమేహం దగ్గరి నుంచి పక్షవాతం దాకా నయం చేస్తామని బోర్డులు కట్టిన వ్యాపారాన్ని మనం చూశాం. రక్త సంబంధ జబ్బులకు చేసే మార్పిడి తప్ప మిగతా వాడకమంతా ప్రయోగమేనని 2017లోనే జాతీయ మార్గదర్శకాలు చెప్పాల్సి వచ్చింది. ఆ వ్యాపారం కొత్త చొక్కా తొడుక్కుని కార్-టి వార్డులోకి రాకముందే తలుపు మూయాలి. ఔషధ నియంత్రణ అధికారులు ఈ విషయంలో మెతకదనం చూపితే ఆ తప్పుకు ప్రాణాలతో మూల్యం చెల్లించేది రోగులే.

ఇక మన ఇంటి సంగతి. ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ కలిసి తయారుచేసిన నెక్స్‌కార్19కు 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. 2024 ఏప్రిల్ 4న రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము దాన్ని దేశానికి అందించారు. ఆ కణాలను తయారుచేసే ఇమ్యునోయాక్ట్ సంస్థలో మన హైదరాబాద్ లారస్ ల్యాబ్స్‌కు వాటా ఉంది. అమెరికాలో తొలి కార్-టి మందు 2017లో వచ్చినప్పుడు దాని ధర 4.75 లక్షల డాలర్లు. మన కణాల ధర దానిలో పదో వంతు దగ్గర, నలభై లక్షల రూపాయల చుట్టూ ఉంది. దేశీయ శాస్త్రవేత్తలు సాధించిన విజయమిది. గర్వపడదాం. కానీ పదో వంతు అన్న మాట డాలర్లలో సంపాదించేవాడికి ఊరట. మూడెకరాల మాగాణి ఉన్న రైతుకు అది మూడెకరాలూ పోయే మాట. మార్పిడి అంటే ప్రైవేటులో ఇంకో పదిహేను లక్షల పైమాటే. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచారు. అదే నెలలో ఆంధ్రప్రదేశ్‌లో పాతిక లక్షలకు పెంచారు. ఆ పెంపును మేం అప్పుడు ఆహ్వానించాం, ఇప్పుడూ సమర్థిస్తాం. అయినా కణాలకు, మార్పిడికి, ఆ తర్వాతి ఏడాది మందులకు కలిపి ఈ రెండు పరిమితుల్లో ఏదీ చాలదని కూడికలు తెలిసిన ఎవరికైనా అర్థమవుతుంది.

అప్పుడు ఏం జరుగుతుంది? సీఎం సహాయ నిధి నుంచి ఎల్‌వోసీ (చెల్లింపు హామీ పత్రం) కోసం ఎమ్మెల్యే ఇంటి ముందు తండ్రి నిలబడతాడు. జిల్లా పేజీలో పిల్లవాడి ఫొటో వేసి, కింద బ్యాంకు ఖాతా నంబరు వేసి, దాతల కోసం ఎదురుచూపు అని పత్రికలు రాస్తాయి. అలా వచ్చిన డబ్బు కార్-టికి సరిపోతుంది. రెండోసారి అడగడానికి ముఖం చెల్లదు. ఊరు ఒకసారే ఇస్తుంది. సరిగ్గా ఆ రెండో అడుగు దగ్గరే, ప్రాణం నిలబెట్టగల అడుగు దగ్గరే, కుటుంబం ఆగిపోతుంది. మార్పిడి అవసరమైన రోగికి కార్-టి మాత్రమే చేయించి ఆపేస్తే, ఖర్చు చేసిన నలభై లక్షలూ కొన్ని నెలల ఊపిరి మాత్రమే కొంటాయి. అందుకే రెండు అంచెలకూ కలిపి ఒకే ప్యాకేజీ కావాలంటున్నాం. మొదటి అంచెకు మంజూరైన రోజే, నిపుణుల బోర్డు అవసరమని చెబితే చాలు, రెండో అంచె సొమ్ము పక్కన పెట్టి ఉండాలి. మళ్లీ దరఖాస్తు, మళ్లీ సంతకం, మళ్లీ ఎదురుచూపు ఉండకూడదు.

దాత విషయంలో కూడా ఆలస్యానికి సాకు లేదు. తోడబుట్టినవారిలో పూర్తిగా జత కలిసే అవకాశం నాలుగింట ఒక వంతే. కానీ తల్లీ తండ్రీ సగం జత కలవడం ఖాయం, కన్నబిడ్డలూ అంతే. సగం జతతో మార్పిడి చేసే పద్ధతి ఇప్పుడు దేశంలోని పెద్ద కేంద్రాలన్నిటికీ అలవాటే. కణాలు తీసే రోజే ఇంటిల్లిపాదికీ జత చూసే హెచ్‌ఎల్‌ఏ పరీక్ష చేసి పెట్టుకోవచ్చు. ఆ పని చేయకుండా, మూడు నెలల తర్వాత జబ్బు తిరగబెట్టాక 'దాత ఉన్నారా' అని అడిగే ఆసుపత్రికి కార్-టి చేసే అర్హత ఉండకూడదు. అనుమతి షరతుల్లోనే ఈ మాట చేర్చాలి.

ఫలితాల మాట అంతకంటే ముఖ్యం. జన్యువు మార్చిన కణాలు ఎక్కించుకున్నవారిని పదిహేనేళ్లు గమనించాలని అమెరికా నియంత్రణ సంస్థ పట్టుబడుతోంది. ఎక్కించిన కణాల నుంచే కొత్త క్యాన్సర్ పుట్టే అరుదైన ముప్పు గురించి 2024 జనవరిలో అన్ని కార్-టి మందులకూ హెచ్చరిక జోడించమంది. మన దగ్గర కార్-టి చేసిన ప్రతి ఆసుపత్రీ ఎంతమందికి చేసింది, ఎంతమందికి మార్పిడి చేసింది, ఏడాదికి ఎంతమంది మిగిలారు అన్న మూడు సంఖ్యలను ప్రభుత్వ రిజిస్టర్‌లో తప్పనిసరిగా రాయాలి. ప్రజలు చూసేలా ఉంచాలి. ప్రజాధనం ముట్టుకునే ఏ కేంద్రానికీ ఇందులో మినహాయింపు వద్దు. విజయగాథలు ఫ్లెక్సీల మీద, మరణాలు ఫైళ్ల అడుగున ఉంటే, తర్వాత వచ్చే రోగికి ఏది చెప్పి ఒప్పిస్తారు?

విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. నెక్స్‌కార్19 మీద పరీక్షలు జరిపిన వైద్యులూ ఆ టాటా సంస్థకు చెందినవారే. హైదరాబాద్ నిమ్స్‌లో మూలుగ మార్పిడి ఏళ్లుగా జరుగుతోంది. రెండు రాష్ట్రాల్లోనూ కనీసం ఒక ప్రభుత్వ కేంద్రంలో కార్-టి వార్డు, మార్పిడి వార్డు ఒకే వైద్య బృందం చేతిలో, ఒకే అంతస్తులో ఉండటానికి కావలసిన మనుషులు, అనుభవం మన దగ్గరే ఉన్నాయి. లేనిది సంతకం. టాటా మెమోరియల్‌ను చూసే అణుశక్తి శాఖతో ఆంధ్రప్రదేశ్, నిమ్స్ యాజమాన్యంతో తెలంగాణ వచ్చే బడ్జెట్ సమావేశాలకు ముందే కూర్చోవాలి. ఎన్ని పడకలు, ఎంత సొమ్ము, ఏ తేదీ అన్నది సభలో చెప్పాలి.